గడగడా చదివితే చదవడం వచ్చినట్టేనా? ఇండోనేషియా టీనేజర్లు చెప్పే పాఠం

ఈ రోజు ఎపిసోడ్‌ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. తొమ్మిదో తరగతి పిల్లాడి చేతికి పుస్తకం ఇచ్చి పైకి చదవమన్నారు అనుకోండి. ఎక్కడా తడుముకోలేదు, ఆగలేదు, గడగడా చదివేశాడు. ఇప్పుడు చెప్పండి, ఆ పిల్లాడికి చదవడం వచ్చా, రాదా?

మనలో చాలామంది "వచ్చు, అందులో డౌటేముంది" అంటాం. ఆ మాటని పట్టుకునే ఈ రోజు ఇండోనేషియా దాకా వెళ్ళొద్దాం. ఎందుకు ఇండోనేషియానే అంటే, అక్కడ ఈ ప్రశ్న చాలా స్పష్టంగా కనిపిస్తుంది. వాళ్ళ భాషలో అక్షరాలు కూడబలుక్కుని చదవడం ప్రపంచంలోనే సులువైన వాటిలో ఒకటి. అయినా పదిహేనేళ్ళు వచ్చేసరికి చాలామంది పిల్లలు చదివింది అర్థం చేసుకోవడం దగ్గర ఆగిపోతున్నారు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? ఒక టీనేజర్ బాగా చదువుతాడా లేదా అన్నది మెదడులోని ఏ నైపుణ్యాలు చూసి చెప్పొచ్చు? ఇదే మన టాపిక్.

ముందు లెక్కలు చూద్దాం. పీసా అని ఒక పరీక్ష ఉంది, మీరు వినే ఉంటారు. ఓఈసీడీ అనే సంస్థ పదిహేనేళ్ళ పిల్లలకి చాలా దేశాల్లో పెట్టే పరీక్ష అది. చదవడంలో ఇండోనేషియా స్కోరు 2009లో 402. 2018కి 371 అయింది. 2022కి 359. అదే 2022లో ఓఈసీడీ దేశాల సగటు 476. ఇందులో రెండో లెవెల్ అని ఒక గీత ఉంటుంది. ఒక మోస్తరు పొడవున్న పాఠం చదివి అందులో ముఖ్యమైన విషయం ఏంటో పట్టుకోగలిగితే ఆ గీత దాటినట్టు. 2022లో ఇండోనేషియా పిల్లల్లో ఆ గీత దాటినవాళ్ళు దాదాపు పాతిక శాతం. అంటే నలుగురిలో ఒక్కరు.

ఇక్కడ ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. 2003లో ఆ దేశంలోని పదిహేనేళ్ళ వాళ్ళలో సుమారు 46 శాతం మందే ఈ పరీక్ష పరిధిలోకి వచ్చారు. మిగతావాళ్ళు అప్పటికే బడి మానేసి ఉండటమో, వెనక తరగతుల్లో ఉండిపోవడమో జరిగేది. 2018 నాటికి అది 85 శాతం అయింది. బడికి కొత్తగా వచ్చినవాళ్ళలో పేదింటి పిల్లలు, మారుమూల దీవుల పిల్లలు ఎక్కువ. కాబట్టి స్కోరు తగ్గింది అనగానే బడులు పాడైపోయాయి అని తీర్మానించేయకూడదు. కానీ పిల్లలు బడిలో ఉన్నారు, అక్షరాలు వచ్చు, అర్థం మాత్రం అందట్లేదు అన్న సమస్య అలాగే ఉంది కదా.

ఇప్పుడు వాళ్ళ లిపి సంగతి. ఇండోనేషియా భాషకి మనం ఇంగ్లీష్‌కి వాడే ఆ ఇరవై ఆరు అక్షరాలే. తేడా ఏంటంటే, ఇంగ్లీష్‌లో అక్షరానికీ శబ్దానికీ మధ్య ఎప్పుడూ ఏదో ఒక పేచీ. ఇండోనేషియాలో ఆ పేచీ దాదాపు లేదు. రాసింది రాసినట్టు చదవడమే. ఇది కొంతవరకు కావాలని చేసుకున్న పని. డచ్ వాళ్ళ కాలంలో, 1901లో ఒక స్పెల్లింగ్ పద్ధతి వచ్చింది. 1947లో ఒకసారి, 1972లో ఇంకోసారి దాన్ని సరిచేశారు. పాత రోజుల్లో 'ఉ' శబ్దానికి ఓ, ఈ అని రెండక్షరాలు రాసేవాళ్ళు. ఆ తర్వాత ఒక్క యూ చాలన్నారు. జకార్తా పేరు ముందు డి, జె రెండక్షరాలతో మొదలయ్యేది, 1972 తర్వాత ఒక్క జె సరిపోయింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, పాత కోడ్‌ని కూర్చుని శుభ్రం చేశారన్నమాట.

మరి పేచీ అస్సలు లేదా అంటే, ఒకటుంది. 'ఈ' అనే అక్షరానికి రెండు ఉచ్చారణలు. 'అపెల్' అని రాసి ఒకలా పలికితే ఆపిల్ పండు, ఇంకోలా పలికితే అందరూ వరసలో నిలబడి హాజరు చెప్పడం. ఇలాంటివి కొన్ని ఉన్నాయి. అంతకుమించి పెద్ద చిక్కులు లేవు.

దీని ఫలితం ఏంటి? 2003లో సేమర్, ఆరో, ఎర్‌స్కిన్ అనే ముగ్గురు పరిశోధకులు యూరప్ భాషల్లో పిల్లలు మొదటి తరగతి చివరికి ఎంత చదవగలుగుతున్నారో పోల్చి చూశారు. రాసింది రాసినట్టు పలికే భాషల్లో పిల్లలు తెలిసిన చిన్న పదాల్ని 90 శాతానికి పైగా తప్పుల్లేకుండా చదివారు. ఇంగ్లీష్ నేర్చుకునే పిల్లలు 34 శాతం దగ్గర ఉన్నారు. ఇండోనేషియా లిపి ఆ మొదటి గుంపు లాంటిది. అక్షరాల కోడ్ త్వరగా పగులుతుంది. కోడ్ పగిలాక ఏం జరుగుతుంది అన్నదే అసలు కథ.

ఇక్కడ ఒక ఫార్ములా గురించి చెప్పాలి. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు చదవడాన్ని ఒకే గుణకారంగా రాశారు. చదివి అర్థం చేసుకోవడం ఈజ్ ఈక్వల్ టు అక్షరాల్ని పదాలుగా మార్చే శక్తి ఇంటూ విన్న భాషని అర్థం చేసుకునే శక్తి. కూడిక కాదండి, గుణకారం. అందుకే ఇందులో ఏది సున్నా అయినా మొత్తం సున్నానే. మనకి తెలుగు లిపి వచ్చు కాబట్టి తెలుగు లిపిలో రాసిన జపనీస్ కూడా పైకి చదివేస్తాం. అర్థం సున్నా. అలాగే ఎంత గొప్పగా భాష వచ్చినా లిపి రాని మా నానమ్మ లాంటి వాళ్ళకి పుస్తకం సున్నా.

ఉదాహరణకి ఒక పిల్లాడికి మొదటి శక్తి 0.95, రెండోది 0.4 అనుకోండి. గుణిస్తే 0.38. పైకి చదివినప్పుడు మీకు వినపడేది ఆ 0.95 మాత్రమే. ఆ 0.4 బయటికి వినపడదు. గడగడా చదవడం మనల్ని మోసం చేసేది ఇక్కడే.

సరే, ఇప్పుడు 'ముందే చెప్పడం' అంటే ఏంటో చూద్దాం. పరిశోధకులు ఫలానా నైపుణ్యం చదివే శక్తిని ముందే సూచిస్తుంది అన్నప్పుడు, అది జాతకం కాదు. వందమంది పిల్లల్ని తీసుకుని ఒక్కొక్కరికి చిన్న చిన్న పరీక్షలు పెడతారు. చదివే పరీక్ష కూడా పెడతారు. ఏ చిన్న పరీక్షలో తేడాలు, చదివే పరీక్షలోని తేడాలతో కలిసి నడుస్తున్నాయో చూస్తారు. ఇందులో ఒక మెలిక ఉంది. క్లాసులో అందరికీ ఒక సబ్జెక్టులో 95 పైనే వస్తే, ఆ సబ్జెక్టు మార్కులు చూసి ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పగలమా? చెప్పలేం. ఆ సబ్జెక్టు ముఖ్యం కాదని కాదు, అందులో తేడాలు మిగల్లేదు. టీనేజర్ల విషయంలో అక్షరజ్ఞానానికి సరిగ్గా అదే జరుగుతుంది. నేను కోడింగ్ చేసే రోజుల్లో మాకు రోజూ ఇదే గొడవ. ఒక చోట ట్రాఫిక్ జామ్ క్లియర్ చేస్తే జామ్ పోదు, ఇంకో చోటికి మారుతుంది. ఒకటో తరగతి పిల్లాడికి జామ్ ఒక చోట, తొమ్మిదో తరగతి పిల్లాడికి ఇంకో చోట.

ఒక్కొక్కటిగా చూద్దాం. మొదటిది, శబ్దాల మీద పట్టు. 'బుకు' అంటే వాళ్ళ భాషలో పుస్తకం. అందులో మొదటి శబ్దం తీసేస్తే ఏం మిగులుతుంది? 'ఉకు'. ఇలా మాటని ముక్కలు చేసి ఆడుకోగలగడం. ఇండోనేషియాలో చదవడం మొదలుపెట్టిన పిల్లల మీద విన్‌స్కెల్, విద్‌జాయా 2007లో చేసిన అధ్యయనం ఉంది. ఆ వయసులో అక్షరాలు తెలియడం, శబ్దాల మీద పట్టు ఉండటం చాలా పని చేస్తాయని, 'బు', 'కు' లాంటి ముక్కలు కూడా పిల్లలకి పెద్ద ఆసరా అని అందులో తేలింది. బడుల్లోనూ బా, బి, బు అంటూ ముక్కలుగా నేర్పడం మామూలే. మన గుణింతం గుర్తొస్తోంది కదా. కానీ ఇది ఎక్కువగా తొలి మెట్టు. రాసింది రాసినట్టు పలికే భాషల్లో ఈ మెట్టు త్వరగా దాటేస్తారు. టీనేజ్‌లో కూడా శబ్దాల దగ్గరే తడబడే పిల్లలు కొందరుంటారు, వాళ్ళకి డిస్లెక్సియా ఉందేమో చూపించాల్సిందే. 2017లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ యూనివర్సిటీకి చెందిన పరిశోధకులు ఇండోనేషియా భాషకంటూ ప్రత్యేకంగా ఒక పరీక్షల సెట్ తయారుచేసింది అందుకే. ఇంగ్లీష్ కోసం చేసిన పరీక్షని అనువాదం చేసి పెట్టేస్తే కుదరదు. భాష మారితే జామ్ అయ్యే చోటూ మారుతుంది.

రెండోది, పేర్లు చెప్పే వేగం. ఇది వినడానికి విచిత్రంగా ఉంటుంది. ఒక కాగితం మీద ఐదు బొమ్మలో, ఐదు రంగులో, ఐదు అంకెలో మళ్ళీ మళ్ళీ వచ్చేలా యాభై గడులు ఉంటాయి. ఎడమ నుంచి కుడికి గబగబా పేర్లు చెప్పుకుంటూ పోవాలి. అంతే పరీక్ష. డెంక్లా, రుడెల్ అనే ఇద్దరు 1970ల్లో దీన్ని తయారుచేశారు. రంగుల పేర్లు చెప్పడానికీ చదవడానికీ సంబంధం ఏంటి అంటారా? లోపల జరిగే పని చూడండి. కన్ను ఒక గడి మీద ఉంది, నోరు వెనక గడి పేరు చెబుతోంది, మెదడు తర్వాత గడి పేరు వెతుకుతోంది. మూడు పనులూ ఒకేసారి, ఒకదానికొకటి అడ్డం రాకుండా. వేగంగా చదవడం అంటే కూడా ఇదే పని.

రాసినట్టు పలికే భాషల్లో తప్పులు చదివేవాళ్ళు తక్కువ, నెమ్మదిగా చదివేవాళ్ళే అసలు సమస్య. జర్మన్ భాష ఇలాంటిదే. అక్కడ లాండెర్ల్, విమ్మర్ అనే పరిశోధకులు పిల్లల్ని ఒకటో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా గమనించి 2008లో రాశారు. ఒకటో తరగతిలో బాగా నెమ్మదిగా చదివినవాళ్ళలో సుమారు 70 శాతం మంది ఎనిమిదో తరగతిలో కూడా నెమ్మదిగానే ఉన్నారు. ఎవరు వేగంగా చదువుతారో చెప్పడానికి బాగా పనికొచ్చింది ఈ పేర్లు చెప్పే వేగమే. పెద్దయ్యాక అదే సర్దుకుంటుందిలే అని మనం అనుకుంటాం చూడండి, చాలామందికి అది దానంతట అదే సర్దుకోవట్లేదు.

మూడోది నాకు బాగా ఇష్టమైనది, మాట లోపలి నిర్మాణం. జాబ్‌లో ఉన్నప్పుడు ఒక యాప్‌ని వేరే భాషల్లోకి మార్చే పని మా టీమ్‌కి వచ్చింది. అందులో ఇండోనేషియా కూడా ఉంది. ఇంగ్లీష్‌లో చక్కగా పట్టిన బటన్‌లో ఇండోనేషియా మాట పట్టేది కాదు, మధ్యలో తెగిపోయేది. ఇంత పొడుగు మాటలేంట్రా బాబూ అని తల పట్టుకున్నాం. తర్వాత చూస్తే అర్థమైంది, ఆ పొడుగు ఊరికే వచ్చింది కాదు.

'బాచ' అంటే చదువు. మన 'వాచ' అనే సంస్కృత మాట నుంచే అక్కడికి వెళ్ళింది. దానికి ముందో వెనకో ముక్కలు తగిలిస్తారు. 'మెంబాచ' అంటే చదవడం. 'పెంబాచ' అంటే పాఠకుడు. 'బాచాఅన్' అంటే చదవడానికి ఇచ్చిన పాఠం. 'దిబాచ' అంటే చదవబడింది. 'కెతెర్బాచాఅన్' అంటే ఒక పాఠం ఎంత సులువుగా చదవొచ్చు అనే గుణం. ఇంకోటి చెబుతా, మీరే అర్థం చెప్పండి. 'పెర్‌పుస్తకాఆన్'. మధ్యలో మన పుస్తకం కనిపించిందా? అదేనండి, లైబ్రరీ.

మీరు ఇప్పుడు చేసింది చూశారా? ముందు ముక్క, వెనక ముక్క తీసేసి మధ్యలో ఉన్న మాటని పట్టుకున్నారు. ఈ పని ఎంత సులువుగా చేయగలరు అన్నది ఇలాంటి భాషలో చాలా పెద్ద నైపుణ్యం. ఎందుకంటే అన్నిసార్లూ ఇంత తేలిగ్గా ఉండదు. 'తులిస్' అంటే రాయి. దానికి ముందు ముక్క తగిలితే 'మెనులిస్' అవుతుంది, ఆ 'త' మాయం. డిక్షనరీలో వెతకాలంటే పిల్లాడికి ఆ మాయమైన 'త' గుర్తుండాలి, లేకపోతే మాట దొరకదు. 'బెరువంగ్' అనే మాట ఉంది. అదొక జంతువు, ఎలుగుబంటి. అదే మాటని 'బెర్', 'ఉవంగ్' అని విడగొడితే డబ్బున్న అని అర్థం. 'రువంగ్' నుంచి వచ్చింది అనుకుంటే గదులున్న అని అర్థం. రాత ఒకటే, పలకడంలోనూ ఏ ఇబ్బందీ లేదు. కానీ ఎలుగుబంటా, డబ్బా, గదులా? లిపి ఎంత తేలికైనా ఈ ప్రశ్నకి అది జవాబు చెప్పదు.

ఆరేడు తరగతులు దాటాక సైన్సు, సోషల్ పుస్తకాల్లో ఇలాంటి పొడుగు మాటలు ఎక్కువవుతాయి. అప్పుడు మాటని విప్పి చూడగలిగిన పిల్లలు కొత్త మాటకి అర్థం వాళ్ళే ఊహించుకుంటారు. విప్పలేని పిల్లలు అదే మాటని తప్పు లేకుండా పైకి చదివేసి ముందుకి పోతారు. వినేవాళ్ళకి ఇద్దరూ ఒకటే.

నాలుగోది, మాటల సంపద, భాష మీద పట్టు. ఇండోనేషియాలో 700కి పైగా భాషలున్నాయి. 1928 అక్టోబర్ 28న యువకులు సమావేశమై ఇండోనేషియా భాషని మనందరినీ కలిపే భాషగా ప్రకటించుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగంలోనూ అదే. ఎక్కువమంది మాట్లాడే జావా భాషని కాకుండా దాదాపు తటస్థమైన భాషని ఎంచుకోవడం దేశానికి మంచే చేసింది. కానీ చదువు వైపు నుంచి చూస్తే దీనికొక ధర ఉంది. 2010 జనాభా లెక్కల ప్రకారం ఇంట్లో రోజూ ఇండోనేషియా మాట్లాడేవాళ్ళు సుమారు ఐదో వంతు. మిగతా ఇళ్ళల్లో జావా, సుండా, మదురా, ఇంకా ఎన్నో. అంటే చాలామంది పిల్లలకి పుస్తకం భాష రెండో భాష.

పోనీ ఇంట్లో ఇండోనేషియా మాట్లాడేవాళ్ళకైనా తేలికా? మాట్లాడే భాష వేరు, పుస్తకం భాష వేరు. మాటల్లో 'మెనులిస్' కాస్తా 'నులిస్' అయిపోతుంది. లేదు, కాదు అనడానికి పుస్తకంలో 'తిదాక్', స్నేహితుల మధ్య 'ఎంగ్గాక్'. రోజంతా చాటింగ్‌లో ముక్కలు తీసేసిన మాటలు వాడే పిల్లాడు, పరీక్ష పేపర్లో నిండు మాటలు చూస్తాడు. మన పిల్లలు వాట్సాప్‌లో రాసే తెలుగుకీ పాఠ్యపుస్తకం తెలుగుకీ ఉన్న దూరం గుర్తు చేసుకోండి, అలాంటిదే.

ఫార్ములాలో రెండో భాగం ఇదే, గుర్తుందా? ఫ్లోరిట్, కేన్ అనే పరిశోధకులు 2011లో వేరువేరు లిపుల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. ఇంగ్లీష్‌లో చిన్న వయసులో అక్షరాల శక్తి ఎక్కువ లెక్కలోకి వస్తుంది. రాసినట్టు పలికే భాషల్లో మాత్రం విని అర్థం చేసుకునే శక్తి చాలా ముందుగానే పైచేయి అవుతుంది. లిపి తేలికైన కొద్దీ భాష బరువు ముందే మీద పడుతుంది. ఇంకో సంగతి, ఇది వడ్డీ లాంటిది. మాటలు తెలిసినవాడు ఎక్కువ చదువుతాడు, ఎక్కువ చదివినవాడికి ఇంకా మాటలు వస్తాయి. తెలియనివాడికి దూరం ఏడాదికేడాది పెరుగుతుంది. స్టానోవిచ్ అనే సైకాలజిస్టు 1986లోనే దీని గురించి వివరంగా రాశాడు.

ఐదోది, పని చేసే జ్ఞాపకం. ఫోన్ నంబర్ విని డయల్ చేసేదాకా మనసులో పెట్టుకుంటాం చూడండి, అది. కంప్యూటర్‌లో ర్యామ్ లాంటిదన్నమాట. ఒక పొడుగు వాక్యం చదువుతుంటే మొదటి సగం మనసులో ఉంచుకుని రెండో సగంతో కలపాలి. 'ఆ పిల్లాడు చదివిన పుస్తకం లైబ్రరీకి తిరిగి ఇచ్చేశారు' అన్న వాక్యం ఇండోనేషియాలో 'పుస్తకం' తో మొదలై, 'ఏదైతే చదవబడిందో, ఆ పిల్లాడి చేత' అంటూ సాగి, చివరికి 'ఇవ్వబడింది' దగ్గరికి చేరుతుంది. పదాన్ని చదవడానికే శక్తి అంతా అయిపోతే చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో జారిపోతుంది. అందుకే నెమ్మదిగా చదవడం అనేది టైమ్ సమస్య మాత్రమే కాదు, అర్థం సమస్య కూడా.

ఆరోది, రాయని దాన్ని పట్టుకోవడం. ఇండోనేషియా భాషలో 'దియా' అంటే అతనూ కావచ్చు, ఆమె కూడా కావచ్చు. 'ఇబున్యా' అంటే అతని అమ్మ, ఆమె అమ్మ, రెండూ. క్రియలో నిన్నా, ఈ రోజా, రేపా అన్నది ఉండదు. పక్కన ఇంకో మాట ఉంటే ఉంటుంది, లేకపోతే సందర్భం చూసి తెలుసుకోవాలి. సీతి అనే అమ్మాయి, బుది అనే అబ్బాయి ఉన్న కథ అనుకోండి. పది వాక్యాల తర్వాత 'దియా ఏడ్చాడు లేదా ఏడ్చింది' అని వస్తే ఎవరో పాఠకుడే గుర్తు పెట్టుకుని తేల్చుకోవాలి. మంచి పాఠకుడు ఇక్కడ ఒక పని చేస్తాడు. అర్థం తెగినట్టు అనిపించగానే ఆగి, రెండు వాక్యాలు వెనక్కి వెళ్తాడు. బలహీనమైన పాఠకుడికి అర్థం తెగిందన్న సంగతే తెలియదు. కేన్, ఓక్‌హిల్ లాంటి పరిశోధకులు ఏళ్ళ తరబడి చూపించింది ఇదే. పదాలు చక్కగా చదువుతూ అర్థం పట్టుకోలేని పిల్లల్లో తరచుగా లోపించేది ఈ ఊహించే పని, తనని తాను గమనించుకునే పని.

కాబట్టి మొత్తం కలిపి చూస్తే బొమ్మ ఇలా ఉంటుంది. ఒకటో తరగతిలో అక్షరాలు, శబ్దాలు. ఆ తర్వాత వేగం. టీనేజ్ వచ్చేసరికి మాటల సంపద, మాటని విప్పే నేర్పు, జ్ఞాపకం, ఊహ. పాతవి పోయి కొత్తవి రావడం కాదు ఇది. కింది మెట్టు గట్టిపడ్డాక తేడా పై మెట్ల మీద కనిపిస్తుంది.

ఇండోనేషియా ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. 2015లో ఒక నిబంధన తెచ్చి, పాఠాలు మొదలయ్యే ముందు 15 నిమిషాలు పాఠ్యపుస్తకం కాని పుస్తకం ఏదైనా చదవాలి అన్నారు. 2021 నుంచి పాత జాతీయ పరీక్షని తీసేసి, ఐదు, ఎనిమిది, పదకొండు తరగతుల్లో చదివి అర్థం చేసుకునే శక్తినీ, లెక్కల శక్తినీ చూసే కొత్త పరీక్ష పెట్టారు. దిశ మంచిదే. కానీ మనం ఇప్పటిదాకా చెప్పుకున్నది నిజమైతే, ఆ 15 నిమిషాలు ఒక్కొక్క పిల్లాడికి ఒక్కోలా పనిచేస్తాయి. నెమ్మదిగా చదివేవాడికి సాధన కావాలి. మాటలు తెలియనివాడికి మాటలు కావాలి, ఎవరైనా పక్కన కూర్చుని మాట్లాడాలి. ఇద్దరికీ ఒకే మందు ఇస్తే ఒకడికే తగ్గుతుంది.

ఇందులో పోయేదేంటి అంటే, చాలా ఉందండి. ఆ పదిహేనేళ్ళ వాళ్ళు రేపు మందుల చీటీ మీద రాసింది చదవాలి. అద్దె అగ్రిమెంట్ చదవాలి. లోన్ యాప్ షరతులు చదివి, అంగీకరిస్తున్నాను అనే బటన్ నొక్కాలి. పైకి చదవమంటే ఆ షరతులు గడగడా చదివేస్తారు. సంతకం పెట్టాక తెలుస్తుంది.

మరి మనకేంటి సంబంధం అంటారా? మన తెలుగు లిపి నేర్చుకోవడానికి ఇండోనేషియా లిపి కంటే ఎక్కువ టైమ్ పడుతుంది. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు ఉన్నాయి కదా. కానీ ఒక్కసారి వచ్చాక తెలుగు కూడా రాసింది రాసినట్టే పలుకుతాం. అంటే ఆ మోసం చేసే గడగడ మనకీ ఉంది. పైగా ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష అన్న పరిస్థితి మన దగ్గర ఇంగ్లీష్ మీడియం పిల్లలకి బాగా తెలుసు.

ఇంట్లోనే ఒక చిన్న పరిశీలన చేయొచ్చు. ఒకే స్థాయిలో ఉన్న, పిల్లాడు ముందు చూడని మూడు పేరాలు తీసుకోండి. మొదటిది పైకి చదివించండి, తప్పులూ వేగం గమనించండి. రెండోది మీరే చదివి వినిపించి, ఏం అర్థమైందో సొంత మాటల్లో చెప్పమనండి. మూడోది మనసులో చదువుకోమని, మళ్ళీ అదే అడగండి. విన్నది బాగా చెప్పి, చదివింది చెప్పలేకపోతే ఇబ్బంది అక్షరాల దగ్గరో వేగం దగ్గరో ఉన్నట్టు. పైకి చక్కగా చదివి, విన్నది కూడా చెప్పలేకపోతే ఇబ్బంది భాష దగ్గర ఉన్నట్టు. మొదటివాడికి ఒకే పేరాని రెండు మూడుసార్లు చదివించే సాధన పనికొస్తుంది. రెండోవాడికి కథలు వినిపించడం, కొత్త మాటని విప్పి చూపించడం, మధ్యలో ఆపి "ఇక్కడ 'వాడు' అంటే ఎవరు?" అని అడగడం పనికొస్తాయి. ఇది డాక్టర్ పరీక్ష కాదు. ఇబ్బంది ఎక్కువగా ఉందనిపిస్తే స్పెషల్ ఎడ్యుకేటర్‌నో, పిల్లల సైకాలజిస్టునో కలవండి.

ఒక్క మాట మాత్రం వెంటనే మానేద్దాం. పైకి చక్కగా చదివే పిల్లాడు పరీక్షలో సరిగా రాయకపోతే "వీడికి అన్నీ వచ్చు, శ్రద్ధ లేదు" అంటాం. ఆ మాట అనే ముందు వాడికి ఒక పేరా వినిపించి, ఏం అర్థమైందో అడిగి చూడండి. రెండు నిమిషాల పని. పదేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న అదే అయ్యుండొచ్చు.

ఈ ఎపిసోడ్ ఇంతటితో ముగిద్దాం. ఇంట్లో ఆ మూడు పేరాల పరిశీలన చేస్తే ఏం తేలిందో నాకు రాయండి. మళ్ళీ కలుద్దాం, ఉంటానండి.